విదేశీ కలం స్నేహం: మొదటి ఉత్తరం నుంచి పదో ఉత్తరం దాకా ఏమి చేయాలి, ఎలా చేయాలి

విదేశాల్లో కలం స్నేహితులను ఎలా వెతుక్కోవాలి, వారికి ఏమి రాయాలి, కవరు మీద ఎంత విలువైన స్టాంపులు అంటించాలి అని అడిగే పాఠకులు ఈ మధ్య బాగా పెరిగారు. ఒకరికి చెప్పిన మాటే మరొకరికి చెప్పే బదులు అంతా ఒకచోట వరసగా రాయడం మేలనిపించింది. నేను గుంటూరులో ఉంటాను కాబట్టి ఉదాహరణలన్నీ గుంటూరు, విజయవాడల నుంచే ఇస్తున్నాను. కాగితం ఉత్తరాలను దృష్టిలో ఉంచుకుని రాశాను. ఫోనులో మాత్రమే రాయదలచినవారు 8, 9 భాగాలను వదిలేసి మిగిలినవి పాటిస్తే సరిపోతుంది.

1. కలం పట్టకముందు

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది సమయం. ఒక మంచి ఉత్తరానికి రెండు గంటలు పడుతుంది. నెలకు ఒక్క ఉత్తరం రాయగలననుకునేవారు ఇద్దరు మిత్రులకు మించి పెట్టుకోకూడదు. ఉత్సాహం కొద్దీ పదిమందితో మొదలుపెట్టినవారు మూడో నెలకు ఎవరికీ రాయలేని స్థితికి రావడం నేను చాలాసార్లు చూశాను. నేనూ ఒకప్పుడు అలాంటి వాడినే.

తరువాతిది దేశం. సినిమాలో చూసిన మంచు కొండల కోసమో, బంధువులు ఉన్నారనో దేశాన్ని ఎంచుకుంటే నాలుగో ఉత్తరానికి అడగడానికి ఏమీ మిగలదు. మీకు నిజంగా ఆసక్తి ఉన్న పని ఏదో చూసుకుని, ఆ పని ఉన్న చోటును వెతకండి. మిర్చి పండించే కుటుంబంవారు హంగరీలోని సెగెడ్, కలొచా ప్రాంతాలవారికి రాస్తే మాటలు వాటంతటవే వస్తాయి. అక్కడి పాప్రికా కారానికి మన గుంటూరు కారానికి ఉన్నంత పేరు ఉంది. కాయ ఎలా ఎండబెడతారు, రంగు ఎలా చూస్తారు, ధర ఎవరు కడతారు అనే మూడు ప్రశ్నలతోనే ఏడాది గడిచిపోతుంది. మంగళగిరి నేత కుటుంబాలవారికీ, బడిలో చెప్పేవారికీ, వంట ఇష్టమైనవారికీ ఇదే దారి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి:

- నెలలో ఉత్తరానికి కేటాయించే ఒక రోజు, ఒక వేళ
- ఒకరా, ఇద్దరా అనే నిర్ణయం
- మీరు చెప్పగలిగిన రెండు విషయాలు, తెలుసుకోదలచిన రెండు విషయాలు
- పలుచని కాగితం, మామూలు కవర్లు, బాల్‌పెన్ను, ఉత్తరాల కోసం విడిగా ఒక నోటుపుస్తకం
- పద్దెనిమిదేళ్ళు నిండనివారైతే ఇంట్లో పెద్దల అనుమతి

2. మిత్రులను వెతకడం

కొత్తవారు పోస్ట్‌క్రాసింగ్‌తో మొదలుపెట్టడం మంచిది. 2005లో పోర్చుగల్‌లో మొదలైన ఈ వెబ్‌సైటులో మీకు ఎవరో ఒక సభ్యుడి చిరునామా, కార్డు మీద రాయవలసిన ఒక సంఖ్య వస్తాయి. మన దేశం నుంచి వెళ్ళే కార్డుల సంఖ్య ‘ఐఎన్’ అనే అక్షరాలతో మొదలవుతుంది. కార్డు అందుకున్నవారు ఆ సంఖ్యను నమోదు చేశాక, ప్రపంచంలో మరెక్కడి నుంచో మీకు ఒక కార్డు బయలుదేరుతుంది. మొదట్లో ఒకేసారి ఐదు కార్డులే పంపనిస్తారు. ఒకసారి పంపిన కార్డుతో పని ముగుస్తుంది కాబట్టి ఇది అచ్చమైన కలం స్నేహం కాదు. అయినా చిరునామా రాయడం, స్టాంపులు అంటించడం, నాలుగు వాక్యాల్లో చెప్పదలచింది చెప్పడం ఇక్కడ అలవాటవుతాయి.

రెండో మెట్టు స్లోలీ అనే ఫోను యాప్. ఇందులో ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఉత్తరం కొన్ని గంటల నుంచి రోజుల దాకా ఆలస్యంగా చేరుతుంది. అసలు పేరు, ఫొటో చూపవలసిన పని లేదు. ఇక్కడ నాలుగైదు ఉత్తరాలు నడిచాక ఇద్దరికీ ఇష్టమైతే కాగితానికి మారవచ్చు.

పరిచయ వాక్యాలు రాసేటప్పుడు ‘సంగీతం, సినిమాలు, క్రికెట్ ఇష్టం’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘మా వీధిలో తెల్లవారుజామున నాలుగింటికే ఇడ్లీ పిండి రుబ్బే చప్పుడు మొదలవుతుంది; మీ వీధిలో మొదటి చప్పుడు ఏమిటి?’ అని రాసి చూడండి.

3. చిరునామా, జాగ్రత్తలు

ఇంటి చిరునామా మొదటి పరిచయంలోనే ఇవ్వకండి. కనీసం నాలుగు ఉత్తరాలు నడిచాక, చెప్పిన విషయాల్లో పొంతన ఉందని తోచాక ఇవ్వండి. ఇల్లు తెలియకూడదనుకునేవారు ప్రధాన తపాలా కార్యాలయంలో అద్దెకు దొరికే పోస్టు బాక్సు గురించి అడగవచ్చు.

ఒక మోసం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. నెల రోజులు తియ్యగా మాట్లాడిన ‘మిత్రుడు’ మీకు ఖరీదైన బహుమతి పంపానంటాడు. వారం తిరగకుండా ‘ఢిల్లీ కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, పార్శిలు ఆగిపోయింది, సుంకం కట్టండి’ అని ఫోను వస్తుంది. కట్టాక మరో రుసుము, ఆ తరువాత ఇంకొకటి. అటువంటి ఫోను వస్తే పైసా పంపవద్దు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, పాస్‌పోర్టు నకలు ఏ కలం మిత్రుడికీ అవసరం ఉండవు.

4. మొదటి ఉత్తరం

మొదటి ఉత్తరం కాగితానికి రెండు వైపులా మించకూడదు. నేను మొదటిసారి భారతదేశ చరిత్ర, పండుగలు, నదులు, భాషలు అన్నీ కలిపి నాలుగు కాగితాలు నింపి పంపాను. జవాబు రాలేదు. పాఠ్యపుస్తకానికి ఎవరు జవాబు రాస్తారు!

వరస ఇలా ఉంటే చాలు: మీరెవరు అనేది మూడు వాక్యాల్లో, ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని, ఏ వేళలో, చుట్టూ ఏమి వినిపిస్తుండగా రాస్తున్నారో ఒక పేరా, అవతలివారు తమ పరిచయంలో చెప్పిన ఒక విషయానికి మీ స్పందన, చివర రెండు ప్రశ్నలు.

ఉత్తరం మొదలుపెట్టే తీరు కూడా మాట్లాడుకోదగిన విషయమే. మన పెద్దలు ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టేవారు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తున్నాం అన్న తరువాతే అసలు సంగతికి వచ్చేవారు. జపానువారి సంప్రదాయ లేఖల్లో అసలు సంగతికి ముందు ఋతువును తలచుకునే వాక్యం ఉంటుంది. మీ మిత్రుల దేశంలో మొదటి వాక్యం ఎలా ఉండాలని పెద్దలు నేర్పారో అడగండి. దానికి వచ్చే జవాబు మర్యాద గురించి ఒక చిన్న పాఠం అవుతుంది.

పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ఏదో, పిలిచే పేరు ఏదో తప్పక విడమరచండి. లేకపోతే ఏళ్ళ తరబడి మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. హంగరీ, జపాను, కొరియా, చైనాలవారు మనలాగే ఇంటిపేరును ముందు చెబుతారు కాబట్టి వారికి ఇది చప్పున అర్థమవుతుంది. ఐస్‌లాండులో ఎక్కువమందికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరో, తల్లి పేరో కలిపి చెప్పుకుంటారు.

5. ప్రశ్న అడిగే పద్ధతి

సంస్కృతిని నేరుగా అడిగితే దొరకదు. ‘మీ దేశ సంస్కృతి ఎలాంటిది?’ అని అడిగితే, పర్యాటక శాఖ కరపత్రంలో ఉన్నదే తిరిగి వస్తుంది. చేతికి అందేంత చిన్న ప్రశ్న వేయాలి.

- ‘మీ పండుగలు ఏవి?’ అనకుండా, ‘పండుగ మర్నాడు ఇంట్లో ఏమి మిగులుతుంది, దాన్ని ఏమి చేస్తారు?’ అని అడగండి.
- ‘మీ కుటుంబ విలువలు ఏమిటి?’ అనకుండా, ‘పక్కింటివారు చెప్పకుండా తలుపు తడితే ముందుగా ఏమంటారు?’ అని అడగండి.
- ‘మీ ఆహారం ఏమిటి?’ అనకుండా, ‘ఒంట్లో బాగోలేనప్పుడు అమ్మ ఏమి చేసి పెట్టేది?’ అని అడగండి.
- ‘పుట్టినరోజు ఎలా జరుపుకుంటారు?’ అనకుండా, ‘ఆఫీసులో ఎవరిదైనా పుట్టినరోజైతే కేకు ఎవరు తెస్తారు?’ అని అడగండి.

చివరి ప్రశ్నను ఒక జర్మను మిత్రుడిని అడిగినప్పుడు, పుట్టినరోజు ఎవరిదో వారే కేకు తెచ్చి పంచాలని చెప్పాడు. మన ఆఫీసుల్లో చాలాచోట్ల అంతే కదా అని సంతోషించాను. అయితే ముందురోజే శుభాకాంక్షలు చెప్పడం అక్కడ అపశకునమని ఆ ఉత్తరంలోనే చదివి, అప్పటికే పది రోజులు ముందుగా చేరేలా పంపిన నా గ్రీటింగు కార్డు గుర్తుకొచ్చి నాలుక కరచుకున్నాను. ఇప్పుడు కవరు లోపల మరో చిన్న కవరు పెట్టి, దాని మీద ‘ఫలానా తేదీకి ముందు తెరవవద్దు’ అని రాస్తున్నాను.

వయసు, జీతం, కులం, పెళ్ళి ఎప్పుడు, పిల్లలెందుకు లేరు అనేవి మన రైలు ప్రయాణంలో తెనాలి దాటేలోపే అడిగే ప్రశ్నలు. ఉత్తరంలో మూడు, నాలుగు నెలల దాకా వాటి జోలికి పోవద్దు. కొరియావారు మాత్రం వయసును తామే అడగవచ్చు. ఎవరిని ఎంత గౌరవంగా సంబోధించాలో అక్కడ వయసును బట్టి తేలుతుంది. ‘మీరు’, ‘నువ్వు’ తేడా తెలిసిన మనకు దాన్ని వివరించవలసిన పని లేదు. ఫ్రెంచి, జర్మను భాషల్లోనూ ఈ తేడా ఉంది. మీరు ఎప్పుడు నువ్వు అవుతుందో, ఆ మాట ముందుగా ఎవరు అనాలో అడిగి చూడండి.

మీరు అడిగిన ప్రతి ప్రశ్నకు ముందు మీ జవాబు మీరు రాయాలి. ఇది చేయని ఉత్తరం విచారణలా ఉంటుంది.

6. మన సంగతి చెప్పే పద్ధతి

‘ఆవకాయ మా సంప్రదాయ పచ్చడి, చాలా రుచిగా ఉంటుంది’ అనే వాక్యం చదివినవారికి ఏమీ తెలియదు. బజారులో మామిడికాయలు బేరమాడి, అక్కడే కత్తిపీట దగ్గర కూర్చున్న మనిషి చేత ప్రతి ముక్కకూ టెంక ఉండేలా కొట్టించడం. ఇంటికి తెచ్చి లోపలి జీడి తీసి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడవడం. ఆవపిండి, కారం, ఉప్పు కలిపే చేతికి తడి తగలకూడదని పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టడం. జాడీకి వాసెన గుడ్డ కట్టి, మూడో రోజు తిరగగలిపి, ఆ అడుగు పళ్ళెంలో వేడి అన్నం కలిపి అందరికీ తలా ఒక ముద్ద పెట్టడం. ఇలా రాసినప్పుడు నా ఫిన్లాండు మిత్రురాలు తమ అమ్మమ్మ అడవిలో ఏరిన పళ్ళతో జాము చేసి నేలమాళిగలో దాచే వైనాన్ని రెండు పేజీలు రాసి పంపింది. సీసాకు తడి తగలకూడదన్న కేక అక్కడా వినిపించేదట.

ఎండలు కూడా అంతే. ఉష్ణోగ్రత అంకె రాసి ఊరుకోకుండా, ‘రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి’ అనే మాటను అర్థంతో సహా రాయండి. బెజవాడ బీసెంట్ రోడ్డులో మధ్యాహ్నం జనం నీడ ఉన్న వైపుకే ఒదిగి నడిచే తీరు చెప్పండి.

కొన్ని విషయాలు ఇరువైపులవారినీ కలుపుతాయి. లండనులో మిత్రులుంటే అమరావతి స్తూపం గురించి రాయండి. గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ స్తూపపు శిల్పాల్లో కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ‘మా ఊరి రాళ్ళు మీ ఊళ్ళో ఉన్నాయి, ఒకసారి వెళ్ళి ఎలా ఉన్నాయో చూసి రాయగలరా?’ అని అడగడంలో చిన్న చురక ఉన్న మాట నిజమే. అయినా నాకు వచ్చిన ఉత్తరాల్లో అతి శ్రద్ధగా రాసినది దానికి వచ్చిన జవాబే.

7. ఇంగ్లీషులో దొర్లే తప్పులు

వ్యాకరణం గురించి బెంగ వద్దు. అవతలివారికీ ఇంగ్లీషు పరాయి భాషే కావచ్చు. మనకు మాత్రమే అర్థమయ్యే ఇంగ్లీషుతోనే అసలు చిక్కు.

- ‘2019లో పాస్డ్ అవుట్’ అని రాస్తే కాలేజీ పూర్తయిందని కాక, మూర్ఛపోయారని అర్థం చేసుకుంటారు.
- ‘కజిన్ బ్రదర్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’, ‘గుడ్ నేమ్’ బయటివారికి తెలియవు.
- లక్ష, కోటి అని రాయకుండా వందవేలు, పది మిలియన్లు అని రాయండి.
- 7/8 అని తేదీ వేస్తే అమెరికావారు జులై 8 అనుకుంటారు. నెల పేరును అక్షరాల్లో రాయండి.
- మేనమామ, బాబాయి, పెదనాన్న అందరినీ అంకుల్ చేయకండి. తెలుగు మాటనే వాడి, ఒకసారి అర్థం చెప్పండి. ఈ వరసల పట్టిక ఒక్కటే ఒక ఉత్తరానికి సరిపోతుంది.

ఎర్రసిరాతో పేర్లు రాయవద్దు. కొరియాలో బతికున్న మనిషి పేరును ఎర్రగా రాయడం చావును గుర్తుచేస్తుంది.

8. కవరు, తూకం, స్టాంపులు

విదేశాలకు వెళ్ళే ఉత్తరాలకు మొదటి తూకపు మెట్టు 20 గ్రాములు. మామూలు 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒక్కటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది; కవరు బరువు కూడా కలుపుకుంటే మూడు కాగితాలకే అంచుకు చేరతాం. అందుకే రెండు కాగితాలు, ఒక ఫొటో అనే లెక్క పెట్టుకోండి. ఇంట్లో వంటకు వాడే ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే చాలు. ధర దేశాన్ని బట్టి మారుతుంది, ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కూడా. కనుక తపాలా కార్యాలయం కౌంటరు దగ్గర తూకం వేయించి అడిగాకే అంటించండి. ఒకసారి నేను అంచనా మీద అంటించి పెట్టెలో వేసిన ఉత్తరం, నాలుగు నెలలకు ‘స్టాంపులు చాలలేదు’ అనే గుర్తుతో నా చేతికే వచ్చింది.

కవరు తయారీ వరస:

1. చేరవలసిన చిరునామాను మధ్యలో, కాస్త కుడివైపుగా, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి. దేశం పేరు చివరి వరసలో విడిగా ఉండాలి.
2. వారు పంపిన వరసను మార్చవద్దు. జర్మనీలో ఇంటి సంఖ్య వీధి పేరు తరువాత, పోస్టు కోడ్ ఊరి పేరుకు ముందు వస్తాయి.
3. పైన ఎడమ మూలన మీ చిరునామా, పిన్‌కోడ్, కింద ఇండియా అని రాయండి. విజయవాడ పిన్‌లు 520తో, గుంటూరు పిన్‌లు 522తో మొదలవుతాయి.
4. ‘బై ఎయిర్ మెయిల్’, దాని కింద అదే మాటను ఫ్రెంచిలో ‘పార్ అవియన్’ (PAR AVION) అని రాయండి.
5. స్టాంపులు కుడి పైమూలన. కౌంటరులో మామూలువి కాకుండా బొమ్మల స్టాంపులు ఉంటే అడిగి తీసుకోండి. వాటి గురించి ఉత్తరంలో ఒక పేరా రాయవచ్చు.
6. వెనుక జిగురు చాలకపోతే గమ్ స్టిక్ వాడండి. వీలైతే కౌంటరులోనే ముద్ర వేయించండి.

జెల్ పెన్నుతో చిరునామా రాస్తే మన వానాకాలపు తేమకు అలుక్కుపోతుంది. బాల్‌పెన్నే ఉత్తమం.

మన డోరు నంబర్లలో ఉండే గీతలు, అడ్డగీతలు విదేశీయులకు అయోమయం. యూరపువారు చేత్తో రాసే ఒకటి మన ఏడులా కనిపిస్తుంది కూడా. మీ చిరునామాను చిన్న కాగితాల మీద అచ్చు వేయించి, ప్రతి ఉత్తరంలో రెండు పెట్టి పంపండి. వారు కవరు మీద అంటిస్తే తప్పు దొర్లే ప్రసక్తే ఉండదు.

9. కవరులో పెట్టకూడనివి

ఉత్తరం, ఫొటో, పోస్టుకార్డు పంపినంతవరకు ఇబ్బంది లేదు. కవరులో వస్తువు ఏదైనా పెట్టగానే కస్టమ్స్ పత్రం నింపవలసి వస్తుంది. ప్రేమగా పెట్టాలనిపించే వాటిలో చాలావరకు పనికిరావు:

- మిరప గింజలు, బంతి గింజలు, ఎండిన పూలు, వేపాకు: మొక్కల తెగుళ్ళ భయంతో చాలా దేశాలు ఆపేస్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండు ఈ విషయంలో మరీ కఠినం.
- పచ్చళ్ళు, పొడులు, మిఠాయిలు
- నాణేలు, నోట్లు: మామూలు ఉత్తరంలో పంపకూడదు.
- నెమలి ఈక: పిల్లలు పుస్తకంలో దాచుకున్నదే అయినా దేశం దాటించడం నిషిద్ధం.

బదులుగా బస్సు టికెట్టు, తెలుగు దినపత్రికలోని ముక్క, వంటకం రాసిన కాగితం, ముగ్గు చుక్కల లెక్కతో సహా గీసిన బొమ్మ, మిత్రుడి పేరు తెలుగు లిపిలో పెద్దగా రాసిన కాగితం పంపండి. ఆఖరిది గోడకు తగిలించుకోనివారిని నేను ఇంతవరకు చూడలేదు.

10. నేర్చుకున్నది రాసిపెట్టుకోవడం

నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: ఏమి చెప్పారు, ఎవరు చెప్పారు (వయసు, ఊరు, పని), ఇంకెవరైనా అదే చెప్పారా. మూడో గడి ఖాళీగా ఉన్నంతకాలం అది ఆ ఒక్క మనిషి అలవాటే తప్ప దేశాచారం కాదు.

ఈ గళ్ళు నేను ఎందుకు మొదలుపెట్టానంటే, మా ఇంట్లో చేపలు వండరని నేను రాసిన ఒక్క వాక్యంతో ఆంధ్రులు చేపలు తినరని ఒక మిత్రురాలు తన విద్యార్థులకు చెప్పేసింది. కృష్ణ ఒడ్డున ఆదివారం పొద్దున చేపల కోసం కట్టే వరసను వర్ణిస్తూ మరో ఉత్తరం రాయవలసి వచ్చింది. వారి గురించి నేను ఇలాంటివి ఎన్ని అనుకుని ఉంటానో పాత ఉత్తరాలు తిరగేస్తే తెలిసింది.

పంపే ప్రతి ఉత్తరాన్నీ ఫొటో తీసి ఉంచుకోండి. నెల తరువాత జవాబులో ‘నువ్వు అడిగిన రెండో ప్రశ్నకు’ అని ఉంటే, ఆ రెండో ప్రశ్న ఏమిటో మీకు గుర్తుండదు.

11. చిక్కులు, సవరణలు

*జవాబు రాలేదు.* నా అనుభవంలో గాలి తపాలా చేరడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రానుపోను, రాసే సమయం కలిపితే రెండున్నర నెలలు ఆగాలి. ఆ తరువాత ఒక పోస్టుకార్డు పంపండి. దానికీ పలుకు లేకపోతే వదిలేయండి.

*ఉత్తరాలు చప్పబడ్డాయి.* అయిదో, ఆరో ఉత్తరం దగ్గర ఇది అందరికీ జరుగుతుంది. ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి పెట్టుకోండి: ఒకే తేదీన పొద్దుటి నుంచి రాత్రి దాకా గంటగంటకు ఏమి చేశారో ఇద్దరూ రాసి పంపుకోవడం, లేదా ఒకరి వంటకం మరొకరు వండి, ఎక్కడ చెడిందో నిజం చెప్పుకోవడం. పులిహోరకు చింతపండు దొరకని ఊళ్ళో నిమ్మకాయ పిండుకుని గట్టెక్కినవారు ఉన్నారు.

*మాట నొచ్చుకునేలా పడింది.* మతం, యుద్ధం, రాజకీయాల మీద ఇది తేలికగా జరుగుతుంది. వాదన పెంచకుండా, ‘నేను అడిగిన తీరు తప్పు, మీ వైపు ఎలా చూస్తారో తెలుసుకోవాలని నా ఉద్దేశం’ అని రాయండి. వివరణ అర పేజీ దాటకూడదు.

*మీరే ఆలస్యం చేశారు.* క్షమాపణ ఒక వాక్యంలో ముగించండి. ఆలస్యానికి కారణాలతో మొదటి పేజీ నింపే ఉత్తరాలు చదవడం శిక్ష. ఆ వాక్యం తరువాత నేరుగా వారి పాత ఉత్తరంలోని చివరి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టండి.